ఏమియు తినని వానికి చక్కెర ఎక్కడిది?



కార్శి చెరకు తోటలకు ఎరువులు వేయు విధానమును చెప్పుటకై ఒకనాటి ఉదయము కృష్ణదేవిపేటలో రైతులను సమావేశపరచితిని. యూరియా, పొటాషుల మాట ముగిసిన తరువాత, వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, ఎరువులతో సంబంధము లేని ప్రశ్న నొకదానిని అడిగినారు.

“బాబూ, మొన్న ఊళ్ళో రక్తపరీక్షలు చేసినారు. నాకు సుగరుందన్నారు. ఆ భయానికి నిన్న రాత్రి మెతుకు ముట్టకుండా పడుకున్నాను. పొద్దున్నే పరగడుపున చూపించుకుంటే నూట అరవై అన్నారు. తినని తిండి నెత్తురులోకి ఎలాగొచ్చిందండి? తెగులు నాకా, ఆ మిషనుకా?”

చుట్టునున్నవారు నవ్విరి. కాని ఆ ప్రశ్న నవ్వి విడువదగినది కాదు. ఏమియు తినని వాని రక్తములోనికి చక్కెర ఎట్లు వచ్చునో తెలియకపోవుటచేతనే పలువురు రోగులు పస్తులుండి, మాత్రలు తమకు తోచినట్లు వేసికొని, ప్రాణము మీదికి తెచ్చుకొనుచున్నారు. నేను వైద్యుడను కాను. కాని వ్యవసాయ శాస్త్రము చదివిన వానికి పైరులోను, పశువులోను, మనిషిలోను చక్కెర నడచు త్రోవ కొంత పరిచితమే. ఆ త్రోవనే మీకు చూపెదను. మందుల విషయములో మాత్రము మీ వైద్యుని మాటయే తుది మాట.

చక్కెర పుట్టుక ఆకులోనే

మనము తిను చక్కెర అంతయు మొదట పచ్చని ఆకులో పుట్టినదే. వేరు తెచ్చిన నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఎండ వెలుతురు సాయముతో కలిపి ఆకు చక్కెరను తయారుచేయును. చెరకు దానిని రసముగా గడలో దాచుకొనును. వరి, చోడి, మొక్కజొన్న మొదలగునవి పిండి పదార్థముగా గింజలో దాచుకొనును.

పిండి పదార్థమనగా వేరేమియు కాదు. గ్లూకోజు అను చక్కెర పూసలను వందలు, వేలుగా గ్రుచ్చిన దండ. మనము అన్నము తినినప్పుడు నోటిలోని లాలాజలము, ప్రేగులలోని రసములు ఆ దండను త్రెంచి పూసలుగా విడదీయును. బెల్లములోని చక్కెర రెండే పూసల జంట. అందొకటి గ్లూకోజు, రెండవది పండ్లలో నుండు ఫ్రక్టోజు. కావున అన్నము తినినను, అంబలి త్రాగినను, బెల్లము కొరికినను రక్తములోనికి ముఖ్యముగా చేరునది గ్లూకోజే. ఎంత చేరును, ఎంత వేగముగా చేరును అనుటలోనే తేడా.

రక్తములో ఉండునది ఒక్క చెంచాడు

ఎదిగిన మనిషి శరీరములో సుమారు 5 లీటర్ల రక్తముండును. ఆరోగ్యవంతునికి పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తములో 70 నుండి 100 మిల్లీగ్రాముల వరకు గ్లూకోజు ఉండును. లెక్క కట్టినచో ఆ రక్తమంతటిలోను ఉన్న చక్కెర 4, 5 గ్రాములు మాత్రమే, అనగా ఒక్క చెంచాడు.

ఇక ఖర్చు చూడుడు. మెదడు ఒక్కటియే రోజునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును వాడుకొనును, అనగా గంటకు 5 గ్రాములు. ఎర్ర రక్తకణములకు గ్లూకోజు తప్ప వేరు ఆహారమే లేదు. బయటినుండి చేరిక లేనియెడల రక్తములో నున్న ఆ చెంచాడు చక్కెర మెదడునకే ఒక గంటకు చాలదు. అయినను మనము రాత్రి ఎనిమిది గంటలకు భోజనము చేసి, తెల్లవారి ఆరు గంటల వరకు నిద్రించి, క్షేమముగా లేచుచున్నాము. ఆ పది గంటలును చక్కెరను సరఫరా చేసిన వారెవరు?

కార్జమే ఇంటి గాదె

సరఫరా చేసినది కాలేయము. మాంసపు దుకాణములో మనము కార్జమని అడిగి తీసికొనునది ఇదే. కోతల కాలములో ధాన్యమును గాదెలో పోసికొని, ఏడాది పొడుగునా తీసికొని వాడుకొనునట్లే, భోజనము తరువాత రక్తములోనికి వచ్చిన గ్లూకోజులో కొంత భాగమును కాలేయము గ్లైకోజెన్ అను రూపములో నిల్వ చేసికొనును. ఈ గాదె పెద్దది కాదు. నిండుగా ఉన్నప్పుడు సుమారు 100 గ్రాములు పట్టును. రాత్రివేళ దానిలోనుండి కొంచెము కొంచెముగా రక్తములోనికి విడుదల చేయును.

కండలలోను 300, 400 గ్రాముల వరకు గ్లైకోజెన్ నిల్వ యుండును. కాని అది కండల సొంత పనికే గాని, ఊరికి పంచుటకు కాదు. కండ తన నిల్వను తిరిగి గ్లూకోజుగా రక్తములోనికి వదలలేదు.

ఈ సంగతిని మొదట కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్. చక్కెర పైరులలోనే పుట్టుననియు, జంతువు దానిని ఖర్చు చేయుటయే గాని తయారుచేయలేదనియు అప్పటివారు తలచెడివారు. 1848లో ఆయన మాంసము మాత్రమే మేపిన కుక్కను పరీక్షించి, దాని కాలేయమునుండి బయలుదేరు రక్తములో చక్కెరను చూచినాడు. 1857లో కాలేయమునుండి గ్లైకోజెన్‌ను వేరుచేసి చూపినాడు. తినని చక్కెరను శరీరము తనంతట తాను రక్తములోనికి పంపగలదని ఆనాడే తేలినది.

గాదె తరుగుచుండగా క్రొత్త తయారీ

వంద గ్రాముల గాదె ఒక రాత్రి గడుపగలదు గాని, పూర్తిగా ఒక పగలు, ఒక రాత్రి పస్తున్నచో ఇంచుమించు వట్టిపోవును. అందుచేత కాలేయము నిల్వనే నమ్ముకొని కూర్చుండదు. చక్కెర కాని వస్తువులనుండి చక్కెరను క్రొత్తగా తయారుచేయును. ఈ పనిలో మూత్రపిండములు కూడ కొంత పాలుపంచుకొనును. తెల్లవారుజామున రక్తములోనికి చేరు చక్కెరలో ఇంచుమించు సగము ఇట్లు క్రొత్తగా తయారైనదే.

ఇందుకు కావలసిన ముడిసరుకులు మూడు.

మొదటిది లాక్టిక్ ఆమ్లము. కండలు బలముగా పనిచేయునప్పుడు గ్లూకోజును సగము కాల్చి ఈ ఆమ్లముగా వదలును. ఎర్ర రక్తకణములు ఎల్లప్పుడును వదలుచునే యుండును. కాలేయము దానిని ఏరుకొని మరల గ్లూకోజుగా చేసి పంపును. ఈ రాకపోకలను వివరించిన కార్ల్ కోరీ, గెర్టీ కోరీ అను దంపతులకు 1947లో నోబెల్ బహుమానము లభించినది.

రెండవది మాంసకృత్తులు. పస్తున్నవాని కండ కరగి అందలి మాంసకృత్తులు కాలేయమునకు చేరి చక్కెరగా మారును. మూడవది గ్లిజరాల్. ఇది కొవ్వు విడిపోయినప్పుడు వచ్చు చిన్న భాగము. కొవ్వులో మిగిలిన పెద్ద భాగము శక్తి నిచ్చునే గాని చక్కెరగా మారదు. అందుచేతనే కొవ్వు ఎంత నిల్వయున్నను, దీర్ఘకాలము పస్తులున్నవాని కండ తరిగిపోవును.

ఈ తయారీకి శక్తి ఖర్చగును. ఆ శక్తి జీవకణములో ఏ.టి.పి. అను పదార్థము ద్వారా చేతులు మారును. 1895లో భీమవరములో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫిస్కేతో కలిసి పనిచేయుచు ఈ పదార్థమును గుర్తించి 1929లో ప్రకటించినారు. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనుగొన్నాడు.

మీ కొట్టములోని సాక్ష్యము

శరీరము చక్కెరను తయారుచేయునను మాట నమ్మశక్యముగా లేనిచో, మీ కొట్టములోని ఆవును చూడుడు. గడ్డి, చెరకు ఆకు, కొంచెము తవుడు తిను ఆవు కడుపులోనుండి దాని రక్తములోనికి నేరుగా చేరు గ్లూకోజు బహు స్వల్పము. మేతలోని పిండిని, చక్కెరను నెమరు సంచిలోని సూక్ష్మజీవులు ముందే తినివేసి ఆమ్లములుగా మార్చును. వానిలో ప్రొపియోనిక్ ఆమ్లము అనునది కాలేయమునకు చేరి అక్కడ గ్లూకోజు అగును. అట్లు తయారైన గ్లూకోజునుండియే పాలలోని చక్కెర పుట్టును. లీటరు పాలలో 45 నుండి 50 గ్రాముల పాలచక్కెర యుండును. పది లీటర్ల పాలిచ్చు ఆవు దినమునకు ఇంచుమించు అరకిలో చక్కెరను మన పాత్రలో పోయుచున్నదన్నమాట.

ఈనిన తొలి వారములలో పాలు పెరిగి, మేత చాలనప్పుడు కాలేయము ఈ భారమును మోయలేకపోవును. ఆవు దాణా మానును, పాలు తగ్గును, ఊపిరిలో ఒక విధమైన తీపి పుల్లని వాసన వచ్చును. దీనిని కీటోసిస్ అందురు. పశువైద్యుడు గ్లూకోజును సిరలోనికి ఎక్కించి చికిత్స చేయును. అట్టి పశువునకు మీ అంతట మీరు బెల్లమును విస్తారముగా పెట్టుట మంచిది కాదు. దానిని నెమరు సంచిలోని సూక్ష్మజీవులే తినును. పైగా కడుపు పులిసి వేరొక ప్రమాదము కలుగును.

తలుపు తీయువాడు, కావలి కాయువాడు

గాదె ఉన్నంతమాత్రమున చాలదు. ఎప్పుడు పోయవలెనో, ఎప్పుడు తీయవలెనో చెప్పువా డుండవలెను. ఆ పెత్తనము కడుపులో జీర్ణాశయము వెనుకనున్న క్లోమ గ్రంథిది.

భోజనము తరువాత రక్తములో చక్కెర పెరుగగానే క్లోమము ఇన్సులిన్ అను రసమును వదలును. ఇన్సులిన్ రెండు పనులు చేయును. కండలు, కొవ్వు కణములు గ్లూకోజును లోనికి తీసికొనునట్లు చేయును. కాలేయమునకు “గాదెలో పోయుము, క్రొత్త తయారీ ఆపుము” అని ఆజ్ఞ ఇచ్చును. చక్కెర తగ్గినప్పుడు అదే క్లోమము గ్లూకగాన్ అను వేరొక రసమును వదలును. అది కాలేయముచేత గాదె తలుపు తీయించును. భయము, జ్వరము, కఠినశ్రమ కలిగినప్పుడు మరికొన్ని గ్రంథుల రసములును చక్కెరను పెంచును. తెల్లవారుజామున మనము లేచుటకు ముందు కూడ ఇవి సహజముగా కొంత పెరుగును.

1889లో జర్మనీలో మెరింగ్, మింకోవ్‌స్కీ అనువారు కుక్క కడుపులోని క్లోమమును తీసివేయగా దానికి చక్కెర వ్యాధి కలిగినది. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారు క్లోమమునుండి ఇన్సులిన్‌ను తీసిరి. 1922 జనవరిలో అదే నగరములో పదునాలుగేండ్ల బాలునికి దానిని మొదటిసారి ఇచ్చిరి. ఆ సంవత్సరము ఆగస్టులోనే అల్లూరి సీతారామరాజుగారు కృష్ణదేవిపేట పోలీసు ఠాణాను ముట్టడించినారు. దీనినిబట్టి ఇన్సులిన్ మన తాతల కాలమున వచ్చినదే గాని బహు ప్రాచీనమైనది కాదని గ్రహింతురు. అంతకు పూర్వము ఇన్సులిన్ బొత్తిగా ఊరని పిల్లలు బ్రతుకుట అరుదు. నేటికిని అట్టి పిల్లలకు ఇన్సులిన్ సూదిమందు ఒక్క రోజైనను మానరాదు.

పెద్దాయన ప్రశ్నకు జవాబు

పెద్దలలో ఎక్కువగా కనబడు చక్కెర వ్యాధిలో ఇన్సులిన్ బొత్తిగా లేకపోదు. కాని అది చాలదు, ఉన్నదాని మాటను కండలు, కాలేయము సరిగా వినవు. రక్తములో కావలసినదానికంటె ఎక్కువ చక్కెర యున్నను, కాలేయము అది చాలదనుకొని గాదెనుండి తీసి పోయుచునే యుండును, క్రొత్తది తయారుచేయుచునే యుండును. తాండవ కాలువ క్రింద మడి నిండినను తూము మూయువాడు లేకపోయినచో నీరు గట్టు దాటదా? అట్లే.

కావున ఆ పెద్దాయన రాత్రి తినకపోయినను ప్రొద్దుటి చక్కెర పెరిగియుండుటలో ఆశ్చర్యము లేదు. అది రాత్రి తిన్న అన్నముది కాదు, కాలేయము పంపినది. వైద్యులు తరచుగా ఇచ్చు మెట్‌ఫార్మిన్ అను మాత్ర ముఖ్యముగా కాలేయపు ఈ అధిక తయారీనే తగ్గించును. “తినుట మానినాను గదా, మాత్ర ఎందుకు?” అను ప్రశ్నకు ఇదే సమాధానము.

ఈ మాట చెప్పగా ఆయన కొంతసేపు ఆలోచించి, “అయితే మిషనుకి తెగులు లేదు. కావలోడు నిద్రపోయాడన్నమాట” అన్నారు. ఆయన సరిగానే గ్రహించినారు.

బెల్లము, చోళ్ళు, కాయకష్టము

అనకాపల్లి బెల్లపు మార్కెట్టుకు సరకు పంపు రైతులకు ఈ మాట చేదుగా నుండవచ్చును. అయినను చెప్పక తప్పదు. పంచదార మాని బెల్లము తిన్నచో చక్కెర పెరగదనుట పొరపాటు. బెల్లములో కొద్దిగా ఖనిజ లవణములున్న మాట నిజమే. కాని దానిలో అధికభాగము పంచదారలో నున్న చక్కెరయే.

చోళ్ళు, సామలు, కొర్రలు మంచి ధాన్యములు. చోళ్ళలో సున్నపు ధాతువు మెండు, పీచు తెల్లబియ్యములో కంటె ఎక్కువ. వానిని పండించుడు, తినుడు. కాని వానిలోను గింజ బరువులో అధికభాగము పిండి పదార్థమే. మెత్తని పిండిచేసి పలుచని అంబలిగా రెండు చెంబులు త్రాగినచో చక్కెర పెరగకపోదు. ధాన్యము మార్చుటతోపాటు కొలత కూడ తగ్గించవలెను. కంచములో అన్నము తగ్గించి, ఆ మేరకు కూరగాయలు, ఆకుకూరలు, పప్పు పెంచుట మేలు.

కాయకష్టమునకు ఒక విశేషగుణము కలదు. పనిచేయుచున్న కండ ఇన్సులిన్ సాయము చాలకపోయినను రక్తమునుండి గ్లూకోజును లాగుకొనగలదు. కావున పొలము పనులు లేని నెలలలోను నడక మానరాదు.

చెరకు నరుకు రోజులలో జాగ్రత్త

ఇంతవరకు చక్కెర పెరుగుటను గూర్చి చెప్పితిని. తగ్గుట గంటలలోనే ప్రాణాపాయము. ఇన్సులిన్ సూదిమందు తీసికొనువారు, క్లోమముచేత ఇన్సులిన్‌ను ఎక్కువగా వదలించు కొన్ని మాత్రలు వాడువారు, తిండి తినక ఎండలో చెరకు నరికినచో చక్కెర 70 మిల్లీగ్రాములకంటె తగ్గిపోవచ్చును. మందు గాదె తలుపు మూయుచున్నది, కండలు రక్తమునుండి లాగుచున్నవి, పైనుండి చేరిక లేదు.

అప్పుడు చల్లని చెమట పోయును, చేతులు వణకును, గుండె దడదడలాడును, కండ్లు మసకబారును. మాట తడబడి, మనిషి త్రాగినవానివలె ప్రవర్తించును. అట్టి సమయమున “సుగరున్న మనిషి, తీపి పెట్టవద్దు” అని అడ్డుపడుట ప్రాణములు తీయును. చేయవలసినవి ఇవి.

1. స్పృహలో నుండి మ్రింగగలిగినచో వెంటనే మూడు చెంచాల పంచదారను గాని, సుమారు 20 గ్రాముల బెల్లమును గాని నీటిలో కరిగించి త్రాగించవలెను.

2. పావుగంటలో కుదుటపడనిచో మరల అంతే ఇవ్వవలెను. కుదుటపడిన పిమ్మట అన్నము తినిపించవలెను.

3. స్పృహ తప్పినచో నోటిలో నీరు గాని, బెల్లము గాని పోయరాదు. ఊపిరితిత్తులలోనికి పోవును. ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, 108కి కబురుచేసి, ఆసుపత్రికి చేర్చవలెను.

చక్కెర తగ్గినదో పెరిగినదో తెలియకున్నచో, మ్రింగగలవానికి ముందు తీపి ఇచ్చుటయే క్షేమము. పెరిగియున్నవానికి ఆ కొంచెముతో పెద్ద హాని రాదు, తగ్గియున్నవానికి అది ప్రాణదానము. మందు వాడు ప్రతివాడును పొలమునకు పోవునప్పుడు మూటలో చిన్న బెల్లపు ముక్క ఉంచుకొనవలెను. రోజూ తినుటకు తగని బెల్లమే ఆనాడు మందగును.

గ్రామోద్యోగులకు ఒక మాట

చక్కెర వ్యాధి పట్టణవాసులదే అను కాలము గడచిపోయినది. భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. దాని ప్రకారము 2021 నాటికి దేశములో సుమారు 10 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు. పల్లెలలోను పెద్దలలో నూటికి ఇంచుమించు 9 మందికి ఉన్నది. మొదట ఏ బాధయు లేకుండుట దీని స్వభావము. రక్తములో చక్కెర సుమారు 180 దాటినగాని మూత్రములో కనబడదు. చీమలు పట్టువరకు ఆగుట ఆలస్యము చేయుటయే.

పరగడుపున 126 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని రెండు మార్లు వచ్చినచో వ్యాధి యున్నట్లు వైద్యులు నిర్ణయింతురు. 100కు, 125కు నడుమ నున్నవారు తిండి, శ్రమ సవరించుకొన్నచో చాలమంది వ్యాధిని వాయిదా వేసికొనవచ్చును. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో పరీక్ష చేయించుకొనునట్లు చూడుడు. చెరకు నరుకు జట్ల మేస్త్రీలకు పైన చెప్పిన మూడు సూత్రములను చదివి వినిపించుడు.

నేల పరీక్ష చేయించక ఎరువు వేయరాదని మేము మీకు ప్రతి సమావేశములోను చెప్పుచున్నాము. ఒంటికిని అదే న్యాయము. పరీక్ష చేయించుకొనుడు, వేళకు మితముగా తినుడు, మందు వైద్యుడు చెప్పినట్లే వాడుడు. పస్తులుండి కాలేయమును మోసగించగలమని తలపకుడు. మీరు తినకున్నను అది తన పని తాను చేయుచునే యుండును.